కర్త కూర్చోవలసిన కుర్చీ

మా ముత్తాతగారు చికాకోలు, అదే ఇప్పటి శ్రీకాకుళం, వైపు ఒక జమీందారీలో దివాను. ఆయన పల్లకీ వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ జమీందారీ చితికిపోయే లోపలే మా తాతగారు ఓడెక్కి కలకత్తా చేరి, ఖిదిర్‌పూర్ రేవులో కూలీల మేస్త్రీ అయ్యారు. మేస్త్రీ అంటే ఈ కాలంవాళ్ళకు తాపీ పట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. అది కాదు. ఓడలోంచి దిగే ప్రతి బస్తా కింద ఒక తెలుగువాడి భుజం ఉంటే, ఆ భుజాన్ని పేరుపెట్టి పిలిచి పనిలో పెట్టినవారు మా తాతగారు. మా నాన్నగారు బడ్జ్ బడ్జ్‌లో ఒక జనపనార మిల్లులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమస్తా. నేను ఓడల ఏజెంటు ఆఫీసులో సరుకుల కాగితాలు టైపు చేసి రిటైరయ్యాను. మెట్లు ఎక్కుతున్నామో దిగుతున్నామో నేను విడిగా చెప్పక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన వారం మా మనవరాలు పరీక్షకి చదువుతూ, నా మంచం పక్కనే కూర్చుని ఫోనులో ఒక పాఠం చూస్తోంది. ఇంగ్లీషు వాక్యంలో నౌన్ క్లాజు ఏ పని చేస్తోందో కనిపెట్టడం ఎలా అని పాఠం. మన రోజుల్లో వాక్యాన్ని కోడిని కోసినట్టు కోసి, ఇది ప్రధాన వాక్యం, ఇది ఉపవాక్యం అని గీతలు గీసేవాళ్ళం, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ విద్య పోయిందనుకున్నాను. చూస్తే, నా వయసే ఉన్న ఒకావిడ, నేత చీర, తెల్లజుట్టు, ఎదురుగా వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీ, బెంచీ, ఒక అద్దం. పిల్లలు ఒక్కొక్కరూ వాక్యం చదివి, వెళ్ళి ఆ చోట్లలో కూర్చుంటున్నారు, నిలబడుతున్నారు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ, బెంగాలీలో ఒకణ్ణి గదమాయించి, మధ్యలో ఒక్క మాట మన తెలుగులో అంది. "ఏటి? ముందు ఏటి అని అడగండి."

నేను లేచి కూర్చున్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యాభై ఏళ్ళు దాటిపోయినా, కడుపులో ఆ పాత మంట ఉన్నచోటే ఉంది, ఎవరో ఊది రాజేసినట్టు.

ఆ పాఠం మా నాన్నగారిది. ఆ చోట్లు మా ఇంటివి.

రేవు పక్కనే వాట్‌గంజ్‌లో మా ఇల్లు రెండంతస్తులది. నాకు బుద్ధి తెలిసేనాటికి పై అంతస్తు అద్దెకిచ్చేశాం, కింద వెనకవైపు గదులు చిన్నతాతల వాటాకి పోయాయి, మాకు మిగిలింది ముందు హాలూ, రెండు గదులూ, వంటిల్లూ. అయినా ఆ ముందు హాలు మాత్రం హాలే. మధ్యలో ఒక స్తంభం, గోడకి తాతగారు చూసుకుని తలపాగా సర్దుకునే నిలువుటద్దం, కూలీల పెద్దలు కూర్చునే పొడుగాటి బెంచీ, వీటన్నిటికీ ఎదురుగా తాతగారి కుర్చీ. బర్మా టేకు, వెడల్పు చేతులు, పేము అల్లిక. పొద్దున్నే ఓడ వచ్చిందన్న కబురు రాగానే ఆయన అందులో కూర్చునేవారట, వీధి చివరిదాకా మనుషులు నిలబడేవారట. తర్వాత తర్వాత రేవువాళ్ళే కూలీలను సొంతంగా తీసుకోవడం మొదలుపెట్టారు, యంత్రాలొచ్చాయి, మేస్త్రీల మాట చెల్లలేదు. తాతగారు పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మా నాన్నగారు ప్రతి ఆదివారం దాన్ని గుడ్డపెట్టి తుడిచి, తాను మాత్రం బెంచీ మీద కూర్చునేవారు. దానికి తగిన పని తాను చెయ్యడం లేదని ఆయన ఉద్దేశం. నా ఉద్దేశం వేరు. ఏదో ఒకనాడు అందులో కూర్చోవలసినవాణ్ణి నేనే. అది ఎవరూ చెప్పలేదు, చెప్పనవసరం లేదనుకున్నాను.

నాన్నగారు సాయంత్రం బడ్జ్ బడ్జ్ లోకల్ దిగి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, హాల్లో దీపం వేసేసరికి చుట్టుపక్కల తెలుగు పిల్లలు పదిమంది దాకా చాపల మీద ఉండేవారు. రేవు కూలీల పిల్లలు, మునిసిపాలిటీ పనివాళ్ళ పిల్లలు, అప్పుడప్పుడు బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరుగారి అబ్బాయి. జీతం పుచ్చుకునేవారు కాదు. ఎవరైనా పండో చేపో తెచ్చినా తిరిగి పంపేసేవారు. మేము చదువు అమ్ముకోం అనేవారు, ఇంకేం అమ్ముకున్నా.

ఆయన పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఒకే ఒక్క క్లాజు తీసుకునేవారు, 'దట్ ది షిప్ హాజ్ కమ్', ఓడ వచ్చిందని. ఓడ వచ్చిందన్నది అందరికీ తెలుసు అన్నప్పుడు ఆ క్లాజు సబ్జెక్టు, అంటే కర్త, కనుక దాని చోటు కుర్చీ. ఓడ వచ్చిందని మేస్త్రీకి తెలిసింది అంటే అదే క్లాజు ఆబ్జెక్టు, బెంచీ మీదికి వెళ్ళాలి. కబురేమిటంటే ఓడ వచ్చిందని, అన్నప్పుడు కబురూ అదే, క్లాజూ అదే, ముఖమూ అద్దంలో ముఖమూ లాగా, కాబట్టి అద్దం ముందు నిలబడాలి. దాన్నే కాస్త మార్చి, ఓడ ఎప్పుడొస్తుందన్న దాని మీద కూలి డబ్బు ఆధారపడింది అంటే ఆ క్లాజు ఒక ప్రిపోజిషన్‌కి చేరగిలబడింది, కాబట్టి స్తంభానికి ఆనుకోవాలి. ఇక ఓడ వచ్చిందన్న కబురు వాట్‌గంజ్ చేరింది అంటే, క్లాజు కబురు పక్కనే నిలబడి దాన్ని విడమరుస్తోంది, కాబట్టి పక్కవాడి భుజానికి భుజం కలిపి నిలబడాలి. వాక్యం చదవగానే లేచి ఆ చోటుకి వెళ్ళాలి. తప్పయితే చాప మీదికి. క్లాజు ఎక్కడ పుట్టిందని అడక్కండి, ఏం పని చేస్తోందని అడగండి అనేవారు నాన్నగారు. ఆ మాట వ్యాకరణం గురించేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఒక్క నియమం ఉండేది. కర్త దగ్గరికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకూడదు, దాని చేతి మీద అరచెయ్యి ఆన్చి నిలబడాలి.

ఆ అమ్మాయి మా చాపల మీదికి వచ్చేనాటికి నాకు పదమూడు, ఆమెకి పన్నెండు. వాళ్ళ నాన్న మునిసిపాలిటీలో తెల్లారగట్ల ఇనప తాళంచెవితో వీధి పంపులు విప్పి గంగనీళ్ళతో రోడ్లు కడిగే మనిషి. మా ఇంటి ముందు కూడా ఆయనే కడిగేవాడు. ఆ అమ్మాయికి రెండు జడలు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు, ఎప్పుడూ నూనె వాసన. మొదటి వారం ఏమీ మాట్లాడలేదు. రెండో వారం నుంచి వాక్యం వినగానే కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి "ఏటి?" అని తనలో తాను అడిగి, కళ్ళు తెరిచి, నేరుగా సరైన చోటుకి నడిచి వెళ్ళిపోయేది. పరిగెత్తేది కాదు, తడబడేది కాదు. తన ఇంట్లో గదిలోంచి గదిలోకి వెళ్తున్నట్టు నడిచేది. నాకు అదే గిట్టలేదు. ఆ ఇల్లు నాది కదా.

అసూయ చిన్న చిన్న విషయాలను ఎంత బాగా గుర్తుపెట్టుకుంటుందో చూడండి. నాన్నగారు నన్ను ఏరా అనేవారు, ఆమెను అమ్మా అనేవారు. ఆయన దగ్గరుండే ఎరుపు నీలం పెన్సిలుతో నా నోటు పుస్తకంలో ఎరుపు కొసే పనిచేసేది, ఆమె పుస్తకంలో నీలం కొస. మిల్లు నుంచి వచ్చేటప్పుడు పాత ఉత్తరాల చిత్తుప్రతులు, వెనకవైపు ఖాళీగా ఉన్నవి, రాసుకోడానికి తెచ్చేవారు. అందులో నున్నటి కాగితాలు ఆమె వాటాకి వెళ్ళేవి. ఇది నిజమో, నా కళ్ళకే అలా కనిపించేదో, ఇప్పటికీ చెప్పలేను.

ఒకసారి నాన్నగారు పలకబోర్డు మీద ఒక వాక్యం రాశారు. 'వాట్ మై గ్రాండ్‌ఫాదర్ ఓన్డ్ నోబడీ రిమెంబర్స్.' మా తాతకి ఏమేం ఉండేవో ఎవరికీ గుర్తులేదు అని దాని అర్థం. తాత అన్న మాట కనిపించగానే, అదీ వాక్యం మొదట్లోనే కనిపించగానే, నేను ఆలోచించలేదు. వెళ్ళి కుర్చీ చేతి మీద అరచెయ్యి వేశాను. అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె కళ్ళు మూసింది, తెరిచింది, తాపీగా వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

"ఎందుకమ్మా?" అన్నారు నాన్నగారు.

"గుర్తులేనిది ఎవలికి? ఎవలికీ లేదు. ఆల్లే కర్త. ఏటి గుర్తులేదు? తాత ఆస్తి. మరది బెంచీ మీద కూకోవాల కదండి మేస్టారూ."

పిల్లలంతా గొల్లున నవ్వారు. రేవు కూలీ కొడుకొకడు, నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, "ఏటి జమీందారూ, తాత ఆస్తి బెంచీ ఎక్కీసింది, తవరు సాప మీదికి దయచెయ్యండి" అన్నాడు. ఆ తర్వాత ఆ వీధిలో ఉన్నన్నాళ్ళూ నా పేరు జమీందారే. బెంగాలీ పిల్లలు కూడా 'జొమిదార్‌బాబు' అనేవారు. నాన్నగారు కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఆ చలికాలంలో నాన్నగారు ఒక మాట అన్నారు. సరస్వతీ పూజ మర్నాడు, పుస్తకాలు అమ్మవారి ముందునుంచి తీసి మళ్ళీ చదువు మొదలుపెట్టే రోజున, ఆనాటినుంచి అప్పటిదాకా ఒక్క తప్పూ లేకుండా అన్ని చోట్లూ పట్టుకున్నవాళ్ళు తాతగారి కుర్చీలో కూర్చుని ఆ రోజు పాఠం చెబుతారని. ఆ కుర్చీ అన్నేళ్ళు ఖాళీగా ఉండి ఏం సాధించింది, దానికీ ఒక పని ఉండాలి అన్నారు. నాన్నగారు ఆ మాట నా కోసమే అన్నారని మొదటి రెండు రోజులూ అనుకున్నాను. వారసుణ్ణి కూర్చోబెట్టడానికి ఒక మర్యాదైన దారి వెతికారనుకున్నాను. అమ్మ నిద్రలేపకుండానే లేచి వాక్యాలు బట్టీపట్టాను. కానీ బట్టీపట్టిన వాక్యాలు ఆయన ఎప్పుడూ అడగరు కదా. పూజ నాలుగు రోజులుందనగా అద్దం ముందు నిలబడవలసిన క్లాజుకి నేను బెంచీ ఎక్కాను. ఆ అమ్మాయికి అప్పటికి ఒక్క తప్పూ లేదు.

కలకత్తాలో పెరిగినవాళ్ళకు సరస్వతీ పూజ సంగతి తెలుసు. ఆ రోజు పుస్తకం ముట్టుకోకూడదు, కలం ముట్టుకోకూడదు, పూజ కాకుండా రేగుపండు తినకూడదు. మా ఇంట్లోనూ అలాగే జరిగేది. పిల్లలందరి పుస్తకాలూ, పలకలూ, పెన్సిళ్ళూ, పెన్సిళ్ళు చెక్కే బ్లేడుతో సహా పీట మీద అమ్మవారి ముందు పెట్టి, పసుపు పూలు వేసేవారు. మధ్యాహ్నం అందరూ వీధి చివర పందిట్లో పూలు వేసి, ఖిచుడీ తిని రావడానికి వెళ్ళారు. నేను కడుపునొప్పి అని ఉండిపోయాను. హాల్లో ఎండ ఆ కుర్చీ దాకా వచ్చి ఆగింది. పీట మీదినుంచి బ్లేడు తీశాను. కుర్చీని ముందుకి వాల్చి, అడుగునుంచి, చట్రానికి దగ్గరగా, పైకి తెలియకుండా, పేము పోగులు ఒక్కొక్కటీ కోశాను. తాతగారు కూర్చున్న పేము. ఆమె కూర్చోగానే కూలబడాలి, అందరూ నవ్వాలి, నన్ను చూసి నవ్విన నవ్వు అటు మళ్ళాలి, అంతే నాకు కావలసింది. బ్లేడు మళ్ళీ పీట మీద, పూల కింద పెట్టేశాను.

మర్నాడు ఆమె ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న పసుపు చీర కట్టుకుని వచ్చింది. చీర పొడుగై కాళ్ళకు అడ్డం పడుతోంది. వాళ్ళ నాన్న కూడా స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, గడప బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. నాన్నగారు కుర్చీని హాలు మధ్యకి జరిపి, కూర్చో అమ్మా అన్నారు.

బయటనుంచి వాళ్ళ నాన్న చేతులు జోడించాడు. "ఒద్దు బాబుగారూ. మేస్త్రీగారి కుర్చీలో మా గుంట కూకోడమేటి? ఆరి ముందర మా అయ్య సేతులు కట్టుకు నిలబడ్డాడు."

నాన్నగారు ఏదో అనబోయారు. ఆ అమ్మాయే ముందు అంది. "మీరు కూకోండి మేస్టారూ. నాను నిలబడే సెప్తాను. మీరు ఇనాల."

పిల్లలంతా కూర్చోండి మేస్టారూ, కూర్చోండి అని చప్పట్లు మొదలుపెట్టారు. నాన్నగారు కుర్చీ వైపు చూశారు. ఆయన ముఖంలో సిగ్గు లాంటిదొకటి కనిపించింది, కొత్తబట్టలు కట్టుకున్న పిల్లవాడిలా. తండ్రి కుర్చీ, అన్నేళ్ళు తుడిచిన కుర్చీ. పంచె కుచ్చెళ్ళు ఎడం చేత్తో ఎత్తిపట్టుకున్నారు, కుడి చెయ్యి కుర్చీ చేతి మీద ఆన్చారు, నెమ్మదిగా వంగారు. ఆ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకోవడానికీ కూర్చోవడానికీ మధ్య నాకు చాలినంత సమయం ఉంది. నాన్నా అని ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. చెబితే ఆ అమ్మాయి ముందు నేనేమిటో బయటపడుతుంది కదా అన్న ఆలోచన, మాట కంటే ముందు వచ్చి నోట్లో కూర్చుంది.

పేము ఒక్కసారిగా తెగిన చప్పుడు. ఆయన నడుము దాకా చట్రంలోకి దిగబడిపోయి, కాళ్ళు పైకి లేచి, ఒక క్షణం అలాగే ఉండిపోయారు. ఎవరూ నవ్వలేదు. నేననుకున్న నవ్వు ఎక్కడా లేదు. గడప బయట నిలబడ్డ మనిషి, అప్పటిదాకా లోపలికి అడుగుపెట్టనివాడు, ఒక్క అంగలో వచ్చి నాన్నగారిని చంకల కింద చేతులు వేసి పైకి లేపాడు. నేను ఉన్నచోటే ఉన్నాను. మోచెయ్యి గీరుకుపోయింది, నడుము నాలుగు వారాలు బాధపెట్టింది, అంతకంటే ఏమీ కాలేదు. నాన్నగారు పంచె దులుపుకుని, "పాతదైపోయింది" అని, వెళ్ళి బెంచీ మీద కూర్చుని, పాఠం చెప్పమ్మా అన్నారు. ఆమె చెప్పింది. ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నెమ్మదిగా మొదలుపెట్టి, గొంతెత్తి ముగించింది.

తర్వాతి ఆదివారం వాళ్ళ నాన్న రంగు ప్లాస్టిక్ వైరు తెచ్చి, కుర్చీని తిరగేసి అల్లడానికి కూర్చున్నాడు. తెగిన పోగులు చేత్తో తడిమి చూశాడు.

"కోసినట్టుంది బాబుగారూ."

"ఎలకలయ్యా. రేవు ఎలకలు" అన్నారు నాన్నగారు, నా వైపు చూడకుండా.

అంతే. ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన రాలేదు. ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. ఆయనకు తెలియదనే ఏడాదిపాటు ధైర్యంగా ఉన్నాను. మళ్ళీ సరస్వతీ పూజ వచ్చింది. పీట మీద పుస్తకాలు పెట్టారు, పలకలు పెట్టారు, పెన్సిళ్ళు పెట్టారు. బ్లేడు మాత్రం నాన్నగారు తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ, మా ఇంట్లో అమ్మవారి ముందు బ్లేడు పెట్టలేదు.

ఆ అమ్మాయి చదువుకుంది, కాలేజీలో చేరింది, ఎక్కడో పెద్ద బడిలో ఇంగ్లీషు టీచరయిందని విన్నాను. నాన్నగారు పోయినప్పుడు వచ్చి బెంచీ కొసన గంటసేపు కూర్చుని వెళ్ళింది. నాతో మాట్లాడింది, మర్యాదగానే మాట్లాడింది. ఆ మర్యాద కూడా నాకు కుట్టింది. ఆమె ఏడ్చింది, నాకు ఏడుపు రాలేదు. ఆయన కోసం ఏడవగల హక్కు కూడా ఆమెకే ఎక్కువున్నట్టు తోచింది.

ఇప్పుడు ఆ ఫోనులో ఆవిడ మధ్యలో 'మా మేస్టారు' అంటోంది. పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే కోపం వచ్చేది, చెప్పనందుకూ వచ్చింది. ఆ ప్లాస్టిక్ కుర్చీలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దబ్బున కూర్చుని లేచి వెళ్తున్నారు. అరచెయ్యి ఆన్చే నియమం లేదక్కడ. ఎవరి పిల్లలో, ఏ వీధివాళ్ళో, ఎవరైనా కూర్చోవచ్చు. ఆవిడ మాత్రం పాఠం మొదటినుంచి చివరిదాకా నిలబడే ఉంది. పక్కన మరో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మా మనవరాలు గమనించలేదు, నేను గమనించాను.

ఈ పద్ధతి మన ఇంటిదే తెలుసా అన్నాను. పిల్ల ఫోను మీదినుంచి కళ్ళు తియ్యకుండా, "నువ్వు అన్నీ మనవే అంటావు తాతా" అని నవ్వింది. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను రాస్తున్న ఈ కాగితాలు కూడా చదవలేదు. బహుశా అందుకే రాయగలిగాను. ఒకే క్లాజు కూర్చున్న చోటును బట్టి పెద్దదీ అవుతుంది, చిన్నదీ అవుతుంది అని మా నాన్నగారు పదేళ్ళు చెప్పారు. అది విన్న పదిమందిలో అర్థం కానివాణ్ణి, ఇంటివాణ్ణయిన నేనొక్కణ్ణే. ఇప్పుడు వాట్‌గంజ్‌లో ఆ వీధికి వెళితే కొత్త మేడలు, కింద మొబైలు దుకాణాలు. మేస్త్రీ ఇల్లెక్కడ అంటే చెప్పేవాళ్ళు లేరు. తాతగారికి ఏమేం ఉండేవో నిజంగానే ఎవరికీ గుర్తులేదు.

నాన్నగారు పోయిన మరుసటి ఏడాది కుర్చీ, బెంచీ, నిలువుటద్దం మూడూ కలిపి ఒక పాతసామాన్ల వ్యాపారికి అమ్మాను. స్తంభం ఇంటితోపాటు పోయింది.